యజమానులారా, ఈ మాట మీ కొరకే



ఈ మధ్య మాకు వచ్చే ప్రార్థన మనవులలో ఒక మాట తరచుగా కనిపిస్తోంది. "పనివాళ్ళు నిలవడం లేదు అయ్యగారూ, ప్రార్థన చేయండి." ఇలా రాసేవారు పెద్ద కంపెనీల వారు కారు. టిఫిన్ సెంటర్ నడుపుకునే సహోదరుడు, నలుగురు ఆడపిల్లలతో కుట్టు పని చేయించే సహోదరి, సెంట్రింగ్ పనులు పట్టే మేస్త్రీ, బట్టల కొట్టు, హార్డ్‌వేర్ షాపు, పిండి మిల్లు, జీడిపప్పు షెడ్డు, ఐసు ఫ్యాక్టరీ నడిపేవారు. ఇద్దరి నుంచి ఇరవై మంది వరకు మనుషులను పెట్టుకుని బతుకు బండి లాగుతున్నవారు. వారి మనవిని మేము తేలికగా తీసుకోము. దోసె మాస్టరు చెప్పకుండా మానేసిన రోజు ఆ యజమానే తెల్లవారుజామున మూడింటికి లేచి పొయ్యి వెలిగించుకోవాలి. అద్దె ఆగదు, బ్యాంకు వాయిదా ఆగదు.

కాబట్టి తప్పకుండా ప్రార్థిస్తాము. అయితే ప్రార్థనతో పాటు ఒక ప్రశ్న కూడా అడగాలనుకుంటున్నాము. పనివాళ్ళు ఎందుకు నిలవడం లేదని దేవుణ్ణి అడుగుతున్నాం సరే, వెళ్ళిపోయిన వారిని ఎప్పుడైనా అడిగామా?

పెద్ద కంపెనీలలో ఈ పని కోసం ఒక విభాగమే ఉంటుంది. హెచ్.ఆర్. అంటారు. ఎవరిని తీసుకోవాలి, ఏం జీతం ఇవ్వాలి, సెలవులెన్ని, గొడవ వస్తే ఎవరు వినాలి, దెబ్బ తగిలితే ఎవరు చూడాలి, ఇవన్నీ వాళ్ళు చూస్తారు. చిన్న వ్యాపారంలో ఆ విభాగం మొత్తం యజమాని ఒక్కడే. సరుకు కొనేదీ అతనే, గల్లాపెట్టె మీద కూర్చునేదీ అతనే, పనివాడి కష్టం వినవలసిందీ అతనే. మొదటి రెండూ రోజూ జరుగుతాయి. మూడోది ఎప్పుడూ రేపటికి వాయిదా పడుతుంది. మా అభిప్రాయం ఇది: ఈ మూడో పనిని వ్యాపారంలో మిగతా పనులకంటే ముందు పెట్టకపోతే వ్యాపారమూ నిలవదు, విశ్వాసిగా మన సాక్ష్యమూ నిలవదు.

మనం దాటేసే వచనం

కొలస్సయులకు వ్రాసిన పత్రిక మూడో అధ్యాయం చివరలో పౌలు దాసులకు కొన్ని మాటలు చెప్పాడు. మనుషుల మెప్పు కోసం కాకుండా ప్రభువు కోసం చేసినట్టు మనస్ఫూర్తిగా పని చేయమన్నాడు. ఈ భాగం మీద మన సంఘాలలో ఎన్నో ప్రసంగాలు విన్నాం. పనివారికి, కూలీలకు, ఉద్యోగులకు చెప్పడానికి బాగుంటుంది. అధ్యాయం అక్కడ అయిపోతుంది, ప్రసంగమూ అక్కడే అయిపోతుంది.

కానీ పౌలు అక్కడ ఆగలేదు. వెంటనే యజమానుల వైపు తిరిగాడు. మీ చేతి కింద ఉన్నవారికి న్యాయంగా, సమానంగా చేయండి, మీకు కూడా పరలోకంలో ఒక యజమాని ఉన్నాడని మరచిపోవద్దు అన్నాడు. ఆ మాట మన బైబిళ్ళలో నాలుగో అధ్యాయం మొదటి వచనంగా పడింది. అధ్యాయాల విభజన పౌలు చేసింది కాదు. ఆయన తరువాత వెయ్యేళ్ళు దాటాక, 13వ శతాబ్దంలో వచ్చింది. ఆ గీత పనివాడికీ యజమానికీ మధ్య పడింది. మూడో అధ్యాయం చదివి పుస్తకం మూసేసే అలవాటు వల్ల వాక్యం పనివానికి వినిపించింది, యజమానికి వినిపించలేదు.

సేవకులుగా మేము ఈ మాట గట్టిగా చెప్పవలసి ఉంది. వ్యాపారం చేసే సహోదరుడు మందిరానికి పైకప్పు వేయించవచ్చు, మైకు సెట్టు కొనివ్వవచ్చు. సంఘం అతనికి కృతజ్ఞత చెబుతుంది. అది మంచిదే. అయితే అతని కొట్టులో పనిచేసే అమ్మాయి కూడా అదే మందిరంలో వెనుక వరుసలో కూర్చుని ఉండవచ్చు. ఆ ఇద్దరూ ఒకే బల్లలో పాలు పొందుతారు. ఆమెకు రెండు నెలల జీతం బాకీ ఉంటే, ఆ రొట్టె ఆమె నోట ఎలా దిగుతుంది?

బోయజు పొలంలో ఏమి జరిగింది

మంచి యజమాని ఎలా ఉంటాడో చూడాలంటే రూతు గ్రంథం రెండో అధ్యాయం చదవండి. మనం దాన్ని పెళ్ళి కథలా చదువుతాం. ఈసారి ఒక కోత పొలం లెక్కన చదవండి.

బోయజు పొలానికి వచ్చీ రాగానే పనివారిని దేవుని పేరట పలకరించాడు. వారూ అతన్ని దీవించారు. తరువాత అతని కళ్ళు కొత్తగా వచ్చిన మనిషి మీద పడ్డాయి. ఆమె ఎవరని పనివారి మీద ఉన్న పెద్దను అడిగాడు. ఆ పెద్ద తడుముకోలేదు. ఆమె ఎక్కడిదో, ఎవరితో వచ్చిందో, ఎప్పటి నుంచి వంగి ఏరుకుంటోందో, ఎంతసేపు కూర్చుందో అన్నీ చెప్పాడు. అంటే ఆ పొలంలో మనుషులను చూసే మనిషి ఒకడున్నాడు. బోయజు అంతటితో ఊరుకోలేదు. ఆమెను ముట్టవద్దని మగ పనివారికి ముందే ఆజ్ఞ ఇచ్చాడు. దాహం వేస్తే ఎక్కడ తాగాలో చెప్పాడు. భోజనం వేళ దగ్గరకు పిలిచి తన చేతితో పెట్టాడు.

పలకరింపు, పేరు పేరునా తెలిసిన పెద్ద, ఆడవారికి భద్రత, తాగునీరు, వేళకు తిండి, కాసేపు కూర్చునే వీలు. వీటిలో ఒక్కదానికైనా పెద్ద పెట్టుబడి కావాలా?

కూర్చునే సంగతే తీసుకోండి. బట్టల కొట్లలో ఆడపిల్లలు ఉదయం తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా నిలబడే ఉంటారు. బేరం లేనప్పుడు కూడా కూర్చోనివ్వరు. కాళ్ళు వాచిన పిల్లలను మేము చూస్తుంటాము. కేరళ ప్రభుత్వం 2018లో, తమిళనాడు ప్రభుత్వం 2021లో దుకాణాల చట్టాలను సవరించి అక్కడి సిబ్బందికి కూర్చునే సౌకర్యం తప్పనిసరి చేశాయి. మన కొట్టులో ఒక స్టూలు వేయడానికి చట్టం వచ్చేదాకా ఆగాలా?

భద్రత సంగతీ అంతే. పని చోట ఆడవారి మీద లైంగిక వేధింపులను అడ్డుకునే చట్టం 2013లో వచ్చింది. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట ఫిర్యాదులు వినే కమిటీని యజమాని వేయాలి. పదిమంది కంటే తక్కువ ఉంటే ఫిర్యాదును జిల్లాలోని స్థానిక కమిటీ వింటుంది. "మా కొట్టు చిన్నది, ఇలాంటివి జరగవు" అనకండి. బోయజు కూడా ఏదో జరిగాక మాట్లాడలేదు. ముందే చెప్పాడు.

పొద్దు గూకకముందే

కూలి విషయంలో దేవుని వాక్యం చాలా స్పష్టంగా ఉంది. కూలివాని సొమ్ము రాత్రంతా, తెల్లవారేదాకా నీ దగ్గర ఉండకూడదని లేవీయకాండం 19వ అధ్యాయం చెబుతుంది. అతడు బీదవాడు, దాని మీదే ఆశ పెట్టుకున్నాడు, పొద్దు గూకకముందే ఇచ్చేయమని ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం చెబుతుంది. బిగబట్టిన కూలి మొరపెడుతుందనీ, ఆ మొర దేవుని చెవిని చేరుతుందనీ యాకోబు తన పత్రిక 5వ అధ్యాయంలో రాశాడు. కూలివాడు నోరు తెరవకపోయినా కూలే కేక వేస్తుందట. మాకైతే ఆ మాట చదివినప్పుడల్లా వణుకు పుడుతుంది.

మన దేశపు చట్టం కూడా ఇదే దారిలో నడుస్తోంది. పార్లమెంటు 2019లో చేసిన వేతనాల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం రోజుకూలికి పనిచేసినవానికి ఆ రోజు పని ముగియగానే కూలి చేతిలో పడాలి. వారం లెక్కన ఇచ్చేవారు వారపు సెలవుకు ముందే ఇవ్వాలి. నెల జీతం మరుసటి నెల 7వ తేదీలోపు ఇవ్వాలి. పని మానేసినా, మాన్పించినా రెండు పనిదినాలలో లెక్క తేల్చి పంపాలి. మోషే ధర్మశాస్త్రం చెప్పిన సాయంకాలాన్నే ఈ చట్టమూ చెబుతోంది.

"పార్టీల దగ్గర డబ్బు రాలేదు, మేమెక్కడి నుంచి తేవాలి?" అని అడుగుతారు. ఆ బాధ నిజమైనదే. దానికి ఒక చిన్న ఉపాయం ఉంది. నలుగురు మనుషులకు తలా 12,000 చొప్పున నెలకు 48,000 రూపాయలు ఇవ్వాలనుకుందాం. ముప్పై రోజులకు పంచితే రోజుకు 1,600. రోజూ గల్లాపెట్టె కట్టేసేటప్పుడు ముందుగా ఆ 1,600 తీసి వేరే ఖాతాలో వేయండి. ఆ ఖాతాకు ఏటీఎం కార్డు పెట్టుకోకండి. ప్రథమఫలం దేవునికి తీసిపెట్టడం నేర్చుకున్నాం కదా. పనివాని భాగం తీసిపెట్టడం కూడా అలాగే అలవాటు అవుతుంది.

ఇక్కడే కానుకల గురించి కూడా ఒక మాట. పనివారి జీతం ఆపి మందిరానికి తెచ్చే కానుక మాకు అక్కరలేదు. ముందు వారికి ఇచ్చి రండి. మందిరం పని నెల రోజులు ఆలస్యమైతే పరవాలేదు.

అడ్వాన్సు అనే ముడి

మన ప్రాంతంలో పనివారిని నిలుపుకోవడానికి చాలామందికి తెలిసిన ఉపాయం ఒక్కటే, అడ్వాన్సు. పెళ్ళికో ఆసుపత్రికో యాభై వేలు ఇస్తారు. అది తీరేదాకా వేరే చోటికి వెళ్ళకూడదు. జీతంలో కోతలు పోగా చేతికి వచ్చేది చాలదు, మళ్ళీ అప్పు. అలా ఏళ్ళు గడిచిపోతాయి. యజమాని "నేను ఆపదలో ఆదుకున్నాను" అనుకుంటాడు. ఆదుకున్న మాట నిజమే. కానీ ఆ సాయానికి ధరగా అవతలి మనిషి కాలికి తాడు కట్టాడు. అప్పు పేరుతో మనిషికి వేరే పని చూసుకునే స్వేచ్ఛ లేకుండా చేస్తే అది వెట్టిచాకిరీ కిందికి వస్తుందని 1976 నాటి చట్టం చెబుతోంది. ఇటుక బట్టీలలో అయినా, చేపల చెరువుల మీద అయినా, మిల్లులో అయినా అంతే.

అయితే ఆపదలో అడిగినవానికి ఇవ్వవద్దా? ఇవ్వండి. ఇచ్చింది కాగితం మీద రాయండి, కోత ఎంతో ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుని రాయండి, ఇంటికి చాలినంత జీతం చేతికి వెళ్ళేలా చూడండి. అతను వేరే చోటికి వెళ్తానంటే మిగతా అప్పు వాయిదాల మీద కట్టే దారి చూపండి, మనిషిని మాత్రం పట్టుకోకండి. ఐగుప్తులో వెట్టిచాకిరీ చేసిన ప్రజలను విడిపించిన దేవుణ్ణి ఆరాధిస్తూ మనమే ఒక చిన్న ఐగుప్తును నడపకూడదు.

"మనమంతా ఒక కుటుంబం"

ఈ మాట మన విశ్వాసుల కొట్లలో ఎక్కువగా వినిపిస్తుంది. వినడానికి చల్లగా ఉంటుంది. కానీ దాన్ని ఎప్పుడు వాడుతున్నామో గమనించండి. రాత్రి ఇంకో రెండు గంటలు ఉండమని అడిగేటప్పుడు కుటుంబం గుర్తుకొస్తుంది. ఆదివారం కూడా షెడ్డు తెరవాలంటే కుటుంబం గుర్తుకొస్తుంది. జీతం పెంచమని అడిగితే, అబ్బాయి కాలేజీ ఫీజుకు సాయం కావాలంటే మాత్రం "ఇది వ్యాపారం, లెక్క లెక్కే" అంటాం.

ఇంకో మాట కూడా విన్నాము. "మన సంఘం పిల్లే, ప్రార్థనాపరురాలు, తక్కువకైనా నమ్మకంగా చేస్తుంది." అంటే ఆమె భక్తిని మనం తగ్గింపు ధరకు కొంటున్నామన్నమాట. నమ్మకంగా పనిచేసేవారికి ఎక్కువ ఇవ్వాలి గాని తక్కువ ఇవ్వడమేమిటి? ఒకే పనికి మగవానికి ఒక కూలి, ఆడమనిషికి ఒక కూలి ఇవ్వడం కూడా ఇలాంటిదే. ఒకే రకమైన పనికి సమాన వేతనం ఇవ్వాలని 1976 నుంచే మన దేశంలో చట్టం ఉంది.

నిజంగా కుటుంబమైతే వారానికి ఒక రోజు సెలవు ఇవ్వండి. 1988 నాటి ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం కూడా వారపు సెలవు ఇవ్వాలనే చెబుతోంది. దేవుడు విశ్రాంతి దినం ఆజ్ఞాపించినప్పుడు ఇంటి యజమానితో ఆపలేదు. దాసుడు, దాసి, పరదేశి, చివరికి ఎద్దు, గాడిద పేర్లు కూడా చేర్చాడు. మనం మందిరంలో హల్లెలూయా పాడుతున్న సమయంలో మన షెడ్డులో ఎవరు పని చేస్తున్నారో ఒకసారి ఆలోచించండి.

కాగితం అంటే అపనమ్మకం కాదు

"మా మధ్య కాగితాలెందుకు, మాట చాలదా?" అంటారు. మాట మంచిదే. కానీ ఏడాది తరువాత ఆ మాట ఇద్దరికీ రెండు రకాలుగా గుర్తుంటుంది. మన దేవుడు నిబంధన దేవుడు. తన ప్రజలతో చేసిన నిబంధనను రాతి పలకల మీద రాసి ఇచ్చాడు.

పనిలోకి తీసుకునే రోజునే ఒక కాగితం మీద పేరు, చేయవలసిన పని, వేళలు, జీతం, జీతం ఇచ్చే తేదీ, సెలవులు, మానాలంటే ఎన్ని రోజులు ముందు చెప్పాలో తెలుగులో రాసి ఇద్దరూ సంతకం చేయండి. కొత్త కార్మిక కోడ్‌ల ప్రకారం నియామక పత్రం ఇవ్వడం యజమాని బాధ్యత కూడా. హాజరు పుస్తకం ఒకటి, జీతాల పుస్తకం ఒకటి పెట్టుకోండి. ఒక డజను నోటు పుస్తకాల ఖర్చుతో ఏళ్ళ తరబడి వచ్చే తగవులు తప్పుతాయి.

మనిషి జబ్బు పడితే ఏమిటి? పది మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే చోట ఈఎస్ఐ వర్తిస్తుంది. నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్నవారు దాని కిందికి వస్తారు. పనివాని జీతం నుంచి 0.75 శాతం, యజమాని నుంచి 3.25 శాతం కట్టాలి. 12,000 జీతానికి పనివాని వాటా 90 రూపాయలు, యజమాని వాటా 390. మొత్తం 480 రూపాయలతో ఆ మనిషికీ, ఇంట్లో ఆధారపడినవారికీ వైద్యం అందుతుంది. ఇరవై మంది, ఆపైన ఉంటే పీఎఫ్ కూడా కట్టాలి. పేర్లు తొక్కిపెట్టి పంతొమ్మిది మందినే చూపించేవారు ఉన్నారు. ఆ ఇరవయ్యో మనిషి కూడా దేవుని లెక్కలో ఉన్నాడని మరచిపోకండి.

గ్రాట్యుటీ సంగతి చాలామందికి తెలియదు. పది మంది, ఆపైన ఉన్న సంస్థలో ఐదేళ్ళు పనిచేసిన స్థిర ఉద్యోగికి, మానేటప్పుడు ఏడాదికి 15 రోజుల జీతం లెక్కన ఇవ్వాలి. నెలను 26 రోజులుగా లెక్కిస్తారు. చివరి మూల వేతనం 13,000 అయి, పదేళ్ళు పనిచేస్తే 75,000 రూపాయలు వస్తుంది. ఒక్కసారిగా అయితే యజమానికి గుండె ఆగినంత పని. నెలకు 625 పక్కన పెడుతూ వస్తే ఆ రోజు నవ్వుతూ ఇవ్వగలడు.

మా దగ్గర ముగ్గురే ఉన్నారు, ఇవేవీ వర్తించవు అంటారా? అప్పుడు కూడా దారి ఉంది. బ్యాంకు ఖాతా ఉన్న మనిషికి ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలు. ప్రమాదంలో చనిపోతే రెండు లక్షలు వస్తుంది. 18 నుంచి 70 ఏళ్ళవారికి వర్తిస్తుంది. జీవన జ్యోతి బీమా ఏడాదికి 436 రూపాయలు. ఏ కారణం వల్ల మరణించినా ఇంటివారికి రెండు లక్షలు వస్తుంది. 18 నుంచి 50 ఏళ్ళ లోపు చేరాలి. రెండూ కలిపితే ఏడాదికి 456, అంటే నెలకు 38 రూపాయలు. మన కొట్టులో మనిషి పోయినప్పుడు పూలదండ, ఆటో ఖర్చు దీనికంటే ఎక్కువ అవుతాయి. ఈ నెలలోనే మీ పనివారిని బ్యాంకుకు తీసుకెళ్ళి ఆ రెండు కాగితాలూ పూర్తి చేయించండి. ప్రీమియం మీరు కట్టండి.

నియమాలు మారుతూ ఉంటాయి కాబట్టి మీ ప్రాంతంలోని సహాయ కార్మిక అధికారి కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. వారిని చూసి భయపడకండి. అడగడానికి వచ్చిన యజమానిని వారు గౌరవంగానే చూస్తారు.

మామగారి సలహా

నాయకత్వం గురించి నిర్గమకాండం 18వ అధ్యాయంలో ఒక మంచి పాఠం ఉంది. మోషే ఉదయం నుంచి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుని ప్రజల తగవులు తీరుస్తున్నాడు. అతని మామ యిత్రో చూశాడు. నువ్వు చేసేది మంచిది కాదు, నువ్వూ నలిగిపోతావు, ఈ ప్రజలూ నలిగిపోతారు అన్నాడు. దేవునికి భయపడేవారిని, సత్యం ఇష్టపడేవారిని, లంచం అసహ్యించుకునేవారిని ఏర్పరచి, వెయ్యిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి పెద్దలుగా పెట్టమన్నాడు.

మన చిన్న యజమానులకు కావలసింది ఆ చివరి అంకె. పదిమందికి ఒక పెద్ద. మీ దగ్గర అయిదారుగురు ఉన్నా ఒకరిని పెద్దగా పెట్టండి. ఆ మనిషిని బావమరిది అని కాకుండా, యిత్రో చెప్పిన గుణాలు చూసి ఎంచండి. పెట్టాక అధికారం నిజంగా ఇవ్వండి. సెలవు అడిగితే ఇచ్చే అధికారం, కొత్తవారికి పని నేర్పే బాధ్యత ఇచ్చి, దానికి తగినట్టు నాలుగు రూపాయలు ఎక్కువ ఇవ్వండి.

తప్పు జరిగినప్పుడు దిద్దే పద్ధతి కూడా నాయకత్వమే. ఖాతాదారుల ముందు పనివానిని తిట్టడం మన బజారులో మామూలైపోయింది. తప్పు చేసిన సహోదరునితో ముందు ఒంటరిగా మాట్లాడమని ప్రభువే మత్తయి 18వ అధ్యాయంలో నేర్పాడు. అందరి ముందు తిట్టు తిన్న మనిషి తప్పు దిద్దుకోడు, వేరే పని వెతుక్కుంటాడు. ఒంటరిగా చెప్పండి, అందరి ముందు మెచ్చుకోండి. నెలకు ఒకసారి ఒక్కొక్కరితో పది నిమిషాలు కూర్చుని, "పని ఎలా ఉంది? ఇంట్లో ఎలా ఉన్నారు? నేను ఏమి మార్చాలి?" అని అడగండి. మూడో ప్రశ్న అడగడానికే ధైర్యం కావాలి.

యజమానికి ఎవరు తోడు?

ఇంతవరకు యజమానికి బరువు పెట్టే మాటలే చెప్పాము. అతని బరువు కూడా చూడాలి. చిన్న వ్యాపారి చాలా ఒంటరివాడు. పనివాళ్ళ ముందు ఏడవలేడు, ఇంట్లో చెబితే భార్య బెంగపడుతుంది, సంఘంలో చెబితే "ఆయనకేం, వ్యాపారస్థుడు" అంటారు. అప్పులవాళ్ళు ఫోన్ చేస్తుంటే ఆదివారం ముందు వరుసలో నవ్వుతూ కూర్చుంటాడు. అటువంటి సహోదరులు కుప్పకూలిపోయాక మనం ఆదరణ కూటం పెట్టడం కంటే, నిలబడి ఉన్నప్పుడే చేయి పట్టుకోవడం మేలు.

ప్రతి సంఘమూ ఒక పని చేయవచ్చు. నెలకు ఒక సాయంత్రం వ్యాపారం చేసే విశ్వాసులను కూర్చోబెట్టండి. సంఘంలో బ్యాంకులో పనిచేసి రిటైరయినవారు ఉంటారు, లెక్కలు రాసే గుమస్తా ఉంటారు, నగరంలో హెచ్.ఆర్. ఉద్యోగం చేస్తూ పండుగలకు వచ్చే మన పిల్లలు ఉంటారు. వారి చేత నియామక పత్రం నమూనా రాయించండి, ఈఎస్ఐ నమోదు ఎలాగో చెప్పించండి. కొత్త సంవత్సరపు వాగ్దాన కార్డుతో పాటు ఒక హాజరు పుస్తకం కూడా చేతిలో పెట్టండి. నవ్వకండి, అది కూడా పరిచర్యే.

"ఇవన్నీ చేస్తే కొట్టు మూసుకోవాలి అయ్యగారూ" అనే సహోదరునికి మా జవాబు: అన్నీ ఒకేసారి మొదలుపెట్టలేకపోవచ్చు. చట్టం మీకు వర్తింపజేసిన వాటిలో మాత్రం వెనకాడకండి. మిగిలినవి ఒక్కొక్కటిగా చేయండి. ఈ నెల జీతం తేదీ తప్పకండి. వచ్చే నెల బీమా, ఆ తరువాత నియామక కాగితం. మనిషి మానేసిన ప్రతిసారీ కొత్తవానికి పని నేర్పడానికి పట్టే రోజులు, పాడయ్యే సరుకు, పోయే బేరాలు లెక్క వేసుకోండి. మనుషులను సరిగా చూడకపోవడమే ఖరీదైన పని అని మీకే తెలుస్తుంది. ఇక పద్నాలుగేళ్ళ లోపు పిల్లలను పెట్టుకుని నడిచే వ్యాపారం ఉంటే మాత్రం దాని కొరకు మేము ప్రార్థించలేము. ఆ పిల్లలను బడికి పంపాక రండి.

పనిచేసే సహోదరులారా, మీరూ వినండి. వేళకు రండి, చెప్పి మానండి, యజమాని లేనప్పుడు కూడా ఉన్నట్టే చేయండి. మూడో అధ్యాయం ఇంకా మన బైబిలులోనే ఉంది. రెండు అధ్యాయాలూ కలిపి చదివిన చోటే సమాధానం ఉంటుంది.

ప్రేమగల తండ్రీ, చిన్న కొట్లను, షెడ్లను, మిల్లులను, వాటిలో చెమటోడ్చే ప్రతివారినీ నీ చేతికి అప్పగిస్తున్నాము. యజమానులకు నీ భయమును, నీ ధైర్యమును దయచేయుము. ఈ సాయంత్రం పొద్దు గూకకముందు ఇవ్వవలసినది ఇచ్చే కృపను వారికి అనుగ్రహించుము. యేసు నామములో అడుగుచున్నాము తండ్రీ. ఆమెన్.